పేరు తిరిగొచ్చింది సరే, పెన్ను వచ్చిందా?

అందరికీ నమస్కారం.

ఇంకు పెన్నులంటే ఇష్టమున్నవాళ్లు నలుగురు ఒకచోట చేరితే, కాసేపటికి మాట తప్పకుండా అటే మళ్లుతుంది: "ఆ మోడల్ ఆపేసి, దాని బదులు ఇదేమిటండీ ఇలా తెచ్చారు?" ఆ బాధ నాకూ ఉంది. అయితే పాత పెన్నునీ దాని స్థానంలో వచ్చిన కొత్త పెన్నునీ పక్కపక్కన పెట్టినప్పుడు అసలు ఏం చూడాలి? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలాసార్లు కంపెనీలు పాత పెన్ను రూపాన్ని తిరిగి తెస్తాయి, ఆ రూపం ఏ అవసరం కోసం పుట్టిందో దాన్ని మాత్రం వదిలేస్తాయి. మనం పోల్చాల్సింది ఆ అవసరాన్నే.

పార్కర్ 51తో మొదలుపెడతాను. పార్కర్ కంపెనీ పుట్టింది 1888లో. 1939 దానికి 51వ ఏడు, పెన్నుకి ఆ పేరు అందుకే. 1941లో మార్కెట్లోకి వచ్చిన ఈ పెన్నులో పాళీ దాదాపు పూర్తిగా లోపలే ఉంటుంది, చివర మొన ఒక్కటే కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటుందని అలా చేయలేదు. కాగితం మీద పడగానే ఆరిపోయే ఇంకు ఒకటి వాళ్లు తయారు చేశారు. అలాంటి ఇంకు పాళీ మీద కూడా అంతే తొందరగా ఆరిపోతుంది కదా! అందుకని పాళీకి గాలి తగలకుండా పైన తొడుగు వేశారు. పైగా ఆ ఇంకులో క్షారం ఎక్కువ, అప్పటి సెల్యులాయిడ్ పెన్నులను తినేసేది. అందుకే ఒంటికి లూసైట్ అనే ఆక్రిలిక్ వాడారు. అంటే ఆ పెన్నులో ప్రతి మలుపుకీ ఒక కారణం ఉంది.

లోపల ఇంకా బాగుంటుంది. తొడుగు విప్పితే, పలుచని రేకలు వరుసగా ఉన్న పెద్ద కలెక్టర్, అంటే ఎక్కువైన ఇంకుని పట్టి ఉంచే భాగం, కనిపిస్తుంది. పాళీ మనకు అలవాటైన ఆకు ఆకారంలో ఉండదు, సన్నని బంగారు గొట్టంలా ఉంటుంది. చేతి వేడికి పెన్నులోని గాలి వ్యాకోచించి ఇంకుని ముందుకి తోస్తుంది. మామూలు పెన్నయితే అప్పుడు కక్కేస్తుంది. ఇక్కడ ఆ ఎక్కువైన ఇంకు రేకల మధ్య నిలబడిపోతుంది, రాస్తుంటే అందులోంచే ఖర్చవుతుంది. మూత తీసి, వాక్యం ఎలా ముగించాలా అని కాసేపు ఆలోచించుకుని మళ్లీ రాసినా మొదటి అక్షరం పడుతుంది. మూత కూడా తిప్పే పని లేదు, నెడితే చాలు. లోపలి స్ప్రింగు రేకులు ఒంటి మీది లోహపు రింగుని మెత్తగా పట్టుకుంటాయి. 1948లో వచ్చిన, నొక్కి ఇంకు పట్టే ఏరోమెట్రిక్ రకంలోని పారదర్శకమైన ఇంకు తిత్తి అయితే ఎన్నో పెన్నుల్లో ఇప్పటికీ మార్చకుండానే పనిచేస్తోంది.

ఇక 2021 నాటి కొత్త 51. దూరం నుంచి చూస్తే అదే అనిపిస్తుంది. చేతిలోకి తీసుకుంటే మూత తిప్పాలి, ఇంకు కార్ట్రిడ్జ్‌తోనో (ముందే ఇంకు నింపిన గొట్టం) కన్వర్టర్‌తోనో (సీసాలోంచి ఇంకు పీల్చుకునే గొట్టం) పట్టాలి. మామూలు రకానికి స్టీలు పాళీ, ఖరీదైనదానికి 18 క్యారెట్ల బంగారు పాళీ. స్టీలు పాళీ అనగానే కొందరు మొహం చిట్లిస్తారు. అది న్యాయం కాదు. పాత 51లోనూ 1950లో వచ్చిన స్పెషల్ రకానికి ఆక్టేనియం అనే మిశ్రమ లోహపు పాళీయే ఉండేది, అది హాయిగా రాస్తుంది. కార్ట్రిడ్జ్ కూడా నాకు లోపంగా కనిపించదు, ప్రయాణాల్లో అదే సులువు. నా ఫిర్యాదు మూత గురించి. నిమిషానికోసారి తీసి పెట్టే పెన్ను అది. ఒక్క చేత్తో లాగి, రాసి, నెట్టేయడం దాని స్వభావం. ఆ స్వభావాన్ని తీసేసి ఆకారాన్ని ఉంచితే ఏం లాభం?

అలాగని పాతవన్నీ గొప్పవని కాదు. ఇది గట్టిగా చెప్పాలి. ఇప్పుడు మన చేతికొచ్చే పాత పెన్నులు వడకట్టగా మిగిలినవి. నాసిరకంవి ఎప్పుడో చెత్తలో కలిసిపోయాయి. మిగిలినవాటికి కూడా ఎవరో తిత్తి మార్చి, పాళీ సరిచేసి ఉంటారు. ఏళ్లపాటు రాసి రాసి మొన ఒక వాటానికి నునుపుదేలి ఉంటుంది. అలాంటిదాన్ని అప్పుడే డబ్బాలోంచి తీసిన కొత్త పెన్నుతో పోల్చి, పాతదే సాఫీగా రాస్తోందంటే ఎలా? కొత్తదాన్ని ఒకసారి నీళ్లతో కడిగి, రెండింట్లో ఒకే ఇంకు పోసి, ఒకే కాగితం మీద, మొనల మందం కూడా సరిపోల్చుకుని రాయండి. అప్పుడు మాట్లాడుకోవచ్చు.

కొత్తది నిస్సందేహంగా గెలిచిన చోట్లున్నాయి. ప్లాటినం కంపెనీ 3776 అలాంటిదే. ఫ్యూజీ పర్వతం ఎత్తు 3776 మీటర్లు, పెన్నుకి ఆ పేరే పెట్టారు. మొదటిది 1978లో వచ్చింది, 2011లో దాని స్థానంలో సెంచరీ వచ్చింది. మూత లోపల స్ప్రింగు మీద ఇంకో చిన్న మూత పెట్టారు. బయటి మూత బిగిస్తుంటే అది పాళీ చుట్టూ గట్టిగా కూర్చుంటుంది. రెండేళ్లు వాడకుండా పెట్టినా ఇంకు ఎండదని కంపెనీ మాట. పెన్నులు ఎక్కువుండి, ఒక్కోదాన్ని నెలకోసారి తీసేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? పేరు నిలబెట్టి, పెన్నుని మెరుగుపరచడం అంటే ఇదీ.

పార్కర్ 75కి అంత అదృష్టం పట్టలేదు. అందులో పాళీని మన చేతివాటానికి తగ్గట్టు కొద్దిగా పక్కకి తిప్పుకోవచ్చు, వేళ్లు పట్టుకునే భాగం మూడు పలకలుగా ఉంటుంది. పెన్ను వాల్చి రాసేవాళ్లకి అది వరం. 1990లలో దాని చోటు తీసుకున్న సానెట్ చక్కటి పెన్నే కానీ, ఆ తిప్పుకునే సౌకర్యం దాంతో పోయింది.

పైలట్ కంపెనీ కన్వర్టర్ల సంగతి చిన్నదే, కానీ రోజూ వాడేవాళ్లకి తెలుస్తుంది. కాన్-50 ఆపేసి కాన్-40 తెచ్చారు. లోపల చిన్న లోహపు గుండ్లు వేశారు, ఇంకు వెనకే అతుక్కుపోకుండా కదిలిస్తుంటాయి. ఆలోచన మంచిదే. ఇంకు పట్టేది మాత్రం తగ్గింది, సుమారు 0.4 మిల్లీలీటర్లు. పైగా పాళీని సీసాలో ముంచి తిప్పితే పూర్తిగా నిండదు, లోపల గాలి మిగిలిపోతుంది. ఎక్కువ రాసేవాళ్లు ఇంకు కోసం తరచూ లేవాల్సిందే.

చివరగా, నాకు అన్నిటికన్నా నచ్చిన ఉదాహరణ. ఎస్టర్‌బ్రుక్ కంపెనీ పాత జె మోడల్ పెన్నుల్లో పాళీ, దాని కింద ఉండి ఇంకుని పాళీకి అందించే ఫీడ్ కలిపి ఒకే ముక్కగా ఉండి, మర తిప్పితే ఊడొచ్చేవి. ఒక్కో పాళీకి ఒక నంబరు. 2668 అంటే గట్టి మీడియం, 9128 అంటే సాగే సన్నపాళీ. పెన్ను ఒకటే, పాళీలు కావలసినన్ని. కంపెనీ మూతపడినా ఆ పాళీలు డ్రాయర్లలో మిగిలిపోయాయి. 2018లో ఆ పేరుతో కొత్త యజమానులు ఎస్టీ అనే పెన్ను తెచ్చారు. అది పాత జెకి నకలు కాదు. లావుగా, కొత్త తరహాలో ఉంటుంది, పాళీ యూనిట్ కూడా వేరు. కానీ దానికో చిన్న అడాప్టర్ విడిగా అమ్ముతున్నారు. అది బిగిస్తే దశాబ్దాల నాటి పాళీ కొత్త పెన్నులో సరిగ్గా కూర్చుని రాస్తుంది. రూపాన్ని మార్చేశారు, అయినా అసలు గుణం పోలేదు. ఆ అడాప్టర్ ముందు ఎన్ని ప్రత్యేక సంచికలు, ఎన్ని బంగారు పూతలు పెట్టినా నాకు ఆనవు.

పెన్నుల కంపెనీలకి మన కోరికలు చెప్పే అవకాశం ఎప్పుడొచ్చినా, పాత రంగు తిరిగి తెమ్మనే అడుగుతున్నాం. ఇకనుంచి విడిభాగాలు అడుగుదాం. ఆపేసిన మోడల్‌కి ఫీడ్, మూత లోపలి రింగు, కన్వర్టర్ ఇంకో పదేళ్లు అమ్మమందాం. ఈ బల్ల మీద పాత 51, కొత్త 51 రెండూ ఒకే ఇంకుతో నింపి ఉన్నాయి. రెండింటి మూతలూ తీసి పక్కన పెట్టి, ఐదు నిమిషాలాగి, రెండింటితోనూ ఒక్కో వాక్యం రాసి చూడండి. ప్రశ్నలు ఆ తర్వాత తీసుకుంటాను.