రోజూ వాకింగ్ చేసే అమ్మ ఎందుకు పడిపోయింది?

నమస్తే అండీ. మా అమ్మకి 72 ఏళ్లు. రోజూ పొద్దున్నే అరగంట నడుస్తుంది, వానొస్తే సెల్లార్లోనైనా నడుస్తుంది. అలాంటి మనిషి పోయినేడాది బాత్‌రూమ్‌లో ముఖానికి సబ్బు రాసుకుని, కళ్లు మూసుకునే మగ్గు కోసం పక్కకి వంగి, వంగినట్టే పడిపోయింది. నేల తడిగా కూడా లేదు. మణికట్టు విరిగింది. తుంటి ఎముక విరగలేదు, అదే మా అదృష్టం. కట్టు వేయించుకుని వస్తూ ఆటోలో నన్ను ఒకటే అడిగింది, "రోజూ నడుస్తూనే ఉన్నాను కదరా, మరి నాకెందుకిలా అయింది?" అని.

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తర్వాత చదివాను, ఫిజియోథెరపిస్టులని అడిగాను. నడక గుండెకి మంచిది, షుగర్‌కి మంచిది, దయచేసి మానకండి. కానీ పడిపోకుండా ఆపడానికి అదొక్కటే సరిపోతుందని చెప్పేంత ఆధారం లేదు. 2019లో, వైద్య పరిశోధనలని కలిపి బేరీజు వేసే కోక్రేన్ అనే సంస్థ 25 దేశాల్లో జరిగిన 108 పరిశోధనలని, అంటే 23 వేల మందికి పైగా పెద్దవాళ్ల వివరాలని కలిపి చూసింది. వ్యాయామం చేసినవాళ్లు పడిపోవడం దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఆ మేలు ప్రధానంగా బ్యాలెన్స్ వ్యాయామాల వల్ల వచ్చింది, వాటికి కాళ్ల బలం పెంచేవి కూడా కలిపిన చోట ఇంకా ఎక్కువ తగ్గినట్టు కనిపించింది. ఉత్త నడక విషయంలో మాత్రం ఏమీ గట్టిగా చెప్పలేకపోయారు.

ఎందుకంటే, మనం నిలబడటానికి కళ్లు, లోపలి చెవి, పాదాల్లో చీలమండల్లో ఉండే స్పర్శ, ఈ మూడూ కలిసి మెదడుకి కబురు పంపాలి, ఆ కబురు అందగానే కాళ్లు టక్కున స్పందించాలి. అమ్మ కళ్లు మూసుకుంది, అంటే మూడింట్లో ఒకటి పోయింది. పక్కకి ఒరిగినప్పుడు కాలు వెంటనే పక్కకి పడాలి, పడలేదు. రోజూ తిన్నగా ముందుకే నడిచే కాళ్లకి పక్కకి అడుగేసే అలవాటు ఎక్కడిది చెప్పండి? ఎవరో పిలిస్తే గిరుక్కున వెనక్కి తిరిగి పడేవాళ్లు, కుర్చీలోంచి లేస్తూ తూలేవాళ్లు, చాలామంది కథ ఇంచుమించు ఇదే.

కట్టు విప్పాక మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఒక క్లాసు మొదలుపెట్టాం. ఐదుగురితో మొదలైంది, ఇప్పుడు పద్నాలుగు మంది. మొదటి నెల ఒక ఫిజియోథెరపిస్టు వచ్చి ఒక్కొక్కరినీ విడిగా చూసి, ఎవరు ఏది చేయొచ్చో చెప్పారు. సోమ, బుధ, శుక్రవారాలు, 45 నిమిషాలు. వారానికి మూడు రోజులైనా ఇలాంటి వ్యాయామాలు చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) కూడా పెద్దవాళ్లకి చెబుతోంది.

మొదటిది కుర్చీలోంచి లేవడం. చేతులు గుండెల మీద కట్టుకుని లేవాలి, మెల్లగా కూర్చోవాలి, ధబ్బున కూలబడకూడదు. తేలిక ప్లాస్టిక్ కుర్చీలైతే వెనక్కి జారతాయి, గోడకి ఆనించి వేయండి. మొదటిరోజు అమ్మ మోకాళ్ల మీద చేతులు ఊనకుండా ఒక్కసారి కూడా లేవలేకపోయింది, నాకు గుండె తరుక్కుపోయింది, రోజూ అరగంట నడిచే మనిషండీ! ఇప్పుడు ఆపకుండా పదిసార్లు లేస్తుంది. ఆ తర్వాత గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, పక్క అడుగులు. ఆ తర్వాత టైల్స్ మధ్య గీత మీద ఒక పాదం వేళ్లకి ఇంకో పాదం మడమ ఆనిస్తూ నడవడం. చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోవాలి, వదులు చెప్పులు వద్దు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. భయంతో ఎప్పుడూ కుర్చీ గట్టిగా పట్టుకునే చేస్తారు. అలా చేస్తే బ్యాలెన్స్ పెరగదు. మొదట రెండు చేతులు, తర్వాత ఒక చెయ్యి, తర్వాత ఒక వేలు, తర్వాత చెయ్యి గాల్లో, కానీ గోడ మాత్రం అందేంత దూరంలోనే. కాస్త తూలాలి, పడకూడదు. పక్కన మనిషి ఉండాల్సింది అందుకే. కళ్లు తిరిగేవాళ్లు, ఈమధ్యే ఎముక విరిగినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి. నిద్రమాత్రలూ బీపీ మందులూ వాడుతుంటే ఆ చీటీ కూడా చూపించండి, కొన్ని మందులకి తూలు వస్తుంది.

క్లాసుకి రాకుండా ఇంట్లోనే చేసినా ఫలితం ఉంటుంది, పరిశోధనల్లో రెండు రకాలూ పనిచేశాయి. కానీ ఇంట్లో నాలుగు రోజులు చేసి ఐదో రోజు మానేస్తాం. క్లాసులో అయితే పక్కింటావిడ వచ్చి తలుపు కొడుతుంది! అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి. మా క్లాసుకి వచ్చే ఒక పెద్దావిడ రెండు రోజులు రాలేదు, అమ్మ వాళ్లింటికి వెళ్లి చూస్తే మోచేతికి పెద్ద కమిలిన మచ్చ. పడిందట, ఎవరికీ చెప్పలేదు, కొడుక్కి తెలిస్తే ఒంటరిగా ఎక్కడికీ పంపడని భయం. మన ఇళ్లల్లో ఎంతమంది ఇలా దాస్తున్నారో! పడ్డాక భయంతో కదలడం తగ్గిస్తారు, కదలక కాళ్లు నీరసిస్తాయి, మళ్లీ పడతారు. ఆవిడ ఆ సంగతి అమ్మకి చెప్పింది, ఎందుకంటే అమ్మ కూడా పడింది కదా. తర్వాతి సోమవారం ఇద్దరూ కలిసే వచ్చారు, ఆవిడ ఇప్పుడు గోడ దగ్గర అమ్మ పక్కనే నిలబడుతుంది.