సంతకం వార్డెన్‌ది, ఫోను ఎవరిది?

అందరికీ నమస్కారం. శనివారం సాయంత్రం మారతహళ్ళి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఇంతమంది వచ్చారు, సంతోషం.

మాది పలమనేరు వైపు. పోయినేడు మా మామ చెనిక్కాయ చేలో రాత్రికి రాత్రి అడవిపందులు పడ్డాయి. పొద్దున పోయి చూస్తే సాళ్ళన్నీ తవ్వి పోసున్నాయి. చెట్లు వేళ్ళు తేలి వాడిపోతున్నాయి, కాయల్లేవు, నమిలి ఉమ్మిన పొట్టు మాత్రం ఉంది. మామ గట్టు మీద కూర్చుని, "ఎమ్మెల్యేకి ఫోన్ కొట్టు అల్లుడా, కాల్చమని చెప్తాడు" అన్నాడు.

నవ్వకండి. మామకి చట్టం తెలియకపోవచ్చు, లోకం తెలుసు.

చట్టంలో ఆ అధికారం ఎమ్మెల్యేకే కాదు, అటవీ మంత్రికీ లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ చూడండి. పులినో ఏనుగునో చంపమనగలిగేది రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఒక్కరే. అదీ పట్టుకోవడం, మత్తు సూది వేయడం, వేరే చోటికి తరలించడం కుదరవని తేలాక, కారణాలు రాసి. పంట తినే పంది అయితే ఆయన అధికారమిచ్చిన ఆఫీసర్ కూడా అనుమతివ్వొచ్చు. అంతా బాగానే ఉంది. కానీ ఆ వార్డెన్ బదిలీ ఎవరి చేతిలో ఉంది? రాష్ట్ర వన్యప్రాణి బోర్డుకు అధ్యక్షుడు ఎవరు? ముఖ్యమంత్రే.

2015 డిసెంబరులో బీహార్ నీల్‌గాయ్‌లను, అంటే మనుబోతులను, కేంద్రం వెర్మిన్‌గా, అంటే కాల్చినా కేసుండని చీడ జంతువులుగా ప్రకటించింది. 2016 జూన్‌లో అక్కడి మొకామా దగ్గర రెండొందలకు పైగా కాల్చేశారు. రాష్ట్రం అడిగింది, ఇచ్చామన్నారు అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జవదేకర్. చంపడం మీద ఇంత మోజేమిటని అదే క్యాబినెట్‌లోని మేనకా గాంధీ మండిపడ్డారు. ఎన్ని జంతువులున్నాయి, పంట ఎంత పోయిందన్న మాట మాత్రం ఆ గొడవలో నాకైతే వినపడలేదు.

అలాగని రాజకీయ నాయకులు తప్పుకోవాలని నేననను. 2025 మేలో ఇక్కడి విధానసౌధ దగ్గరే కర్ణాటక మన చిత్తూరు ఏనుగుల బెడదకు కుంకీలను, అంటే అడవి ఏనుగుల్ని తరిమే శిక్షణ ఉన్న ఏనుగులను, అప్పగించింది. సిద్ధరామయ్య, పవన్ కల్యాణ్ కూర్చోకపోతే ఆ ఫైలు ఇంకా తిరుగుతూనే ఉండేదేమో. అది నలుగురి ముందు జరిగింది. నా పేచీ ఫోన్‌తోనే. నోటిమాట ఆదేశాలను కాగితం మీద పెట్టాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ఎవరు పెడుతున్నారు?

నేను ఫోన్ చేయలేదు. దరఖాస్తు రాసి, ఫోటోలు జత చేసి, మామని తీసుకుని ఆఫీసుకు వెళ్ళాను. కాగితం అందుకున్నాయన చేను ఎక్కడని అడగలేదు, ఎంత పోయిందని అడగలేదు. తలెత్తకుండానే అడిగాడు:

"ఎవరు పంపారు?"