ఓయో రాజుకు పంపే ఖాళీ సొరబుర్ర

సభకు నమస్కారం.

నైజీరియా నైరుతి ప్రాంతంలోని యొరుబా రాజుల గురించి పైపైన వింటే, అడిగేవాడు లేని అధికారం వారిదనిపిస్తుంది. యొరుబా రాజ్యాల్లో ఒకటైన ఓయో ఏలికను అలాఫిన్ అంటారు. దేవతల తరువాతి స్థానం ఆయనదే. పిడుగుల దేవుడు షాంగో కూడా ఒకప్పటి అలాఫినే అని వాళ్ల నమ్మకం. ముఖాన్ని కప్పేలా పూసల సరాలు వేలాడే కిరీటంతో ఆయన కొలువు తీరితే ఎంతటివారైనా సాగిలపడవలసిందే.

ఆ పూసల వెనుక ఉన్న మనిషి మాత్రం కాళ్లూ చేతులూ కట్టేసినవాడే. రాజును ఎన్నుకునేది ఓయో మెసి అనే ఏడుగురు పెద్దల మండలి. దానికి అధిపతి బషోరున్. మండలికి రాజు మీద నమ్మకం పోయిందంటే ఖాళీ సొరబుర్రో, చిలుక గుడ్లో అంతఃపురానికి చేరేవి. సంజాయిషీ అడగరు, విచారణ ఉండదు. అవి అందుకున్న రాజు తన ప్రాణం తానే తీసుకోవాలి.

రాజు పెద్దకొడుకును అరెమో అంటారు. అతనూ తండ్రితో పాటే చావాలన్నది పాత ఆచారం. అలాఫిన్ అతిబా దాన్ని మాన్పించాడు. 1859లో ఆయన పోయాక కొడుకు అడేలు గద్దెనెక్కితే మరో యొరుబా పట్టణం ఇజాయె పాలకుడు కురున్మి పాత ఆచారమే పట్టుకుని ససేమిరా అన్నాడు. ఆ పట్టుదల యుద్ధానికే దారితీసింది.

అంతఃపురంలో ఇయామొదె అనే స్త్రీ ఉండేది. అలాఫిన్ మోకరిల్లేది ఆమె ఒక్కతె ముందే. పైగా ఆమెను ‘బాబా’ అని, అంటే తండ్రీ అని పిలిచేవాడు. ఆమె కూడా మోకరిల్లే ప్రతినమస్కారం చేసేది.

ఇదంతా ప్రజాస్వామ్యమేనని మురిసిపోయేవారున్నారు. నాకా మాట మింగుడుపడదు. 1754 నుంచి ఇరవయ్యేళ్లు బషోరున్ గాహా ఇదే కట్టుబాటును అడ్డుపెట్టుకుని రాజులను ఒకరి తరువాత ఒకరిని చావుకు పంపాడు. 1774లో అలాఫిన్ అబియోదున్ అతన్ని కూలదోసేదాకా ఓయోను నడిపింది అతనే. రాజును అదుపు చేసేవాణ్ణి అదుపు చేసేదెవరన్న ప్రశ్నకు ఆ మండలి దగ్గర జవాబు లేకపోయింది.

నేడు సొరబుర్రలు లేవు. పగ్గం రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంది. 1970 నుంచి ఏలిన మూడవ లమిది అడెయెమి 2022 ఏప్రిల్‌లో కన్నుమూశాక, పెద్దలు మొదట ఎంచిన వ్యక్తిని గవర్నరు ఆమోదించలేదు. అబింబోలా ఒవోఆడే పట్టాభిషేకం జరిగేసరికి 2025 ఏప్రిల్ వచ్చింది. 1999 నాటి రాజ్యాంగం సంప్రదాయ రాజులకు పాలనాధికారం ఏదీ ఇవ్వలేదు. అయినా ఎన్నికలు దగ్గరపడితే ఓట్లడిగే నాయకులు ఆ కొలువుల్లో ఆశీస్సుల కోసం బారులు తీరుతూనే ఉన్నారు.