కొత్త టెర్మినల్ ఖర్చు టికెట్‌లోకి ఎలా చేరుతుంది? భోగాపురం లెక్క

[తెరపై: విశాఖపట్నం, విజయనగరం, భోగాపురం కనిపించే పటం]

నమస్కారం. విమాన టికెట్ ధర వివరాల్లో యూడీఎఫ్ అనే పద్దు ఒకటి ఉంటుంది. యూజర్ డెవలప్‌మెంట్ ఫీ అన్నది దాని పూర్తి పేరు. టెర్మినల్‌ను ప్రభుత్వం కట్టినా ప్రైవేటు సంస్థ కట్టినా, పెట్టిన డబ్బులో పెద్ద భాగం కొన్నేళ్లపాటు ఈ పద్దు ద్వారానే ప్రయాణికుల నుంచి తిరిగి వస్తుంది. ఆ రుసుము ఎలా నిర్ణయమవుతుందో, నిర్ణయం జరిగే వేళ ఉత్తరాంధ్ర ప్రజలు ఎక్కడ మాట్లాడవచ్చో ఈ వీడియోలో చూద్దాం.

ముందు, విశాఖకు భోగాపురంలో కొత్త విమానాశ్రయం అవసరం ఎందుకు వచ్చిందో చెప్పుకోవాలి. ఎన్ఏడీ కూడలి దగ్గరున్న విశాఖ విమానాశ్రయంలో రన్‌వే నౌకాదళానిది. అది ఐఎన్ఎస్ డేగ స్థావరంలో భాగం. 2009లో ప్రారంభమైన టెర్మినల్ భవనం మాత్రమే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాది. నౌకాదళ శిక్షణకు, గస్తీకి ఆ రన్‌వే కావాలి కనుక పౌర విమానాలకు దొరికే వేళలకు పరిమితి ఉంటుంది. టెర్మినల్‌ను ఎంత పెంచినా ఆ పరిమితి తొలగదు. కాబట్టి ఇక్కడ కొత్త టెర్మినల్ అంటే కొత్త రన్‌వే, దానికి కొత్త భూమి, ఆ భూమికి కొత్త రోడ్డు కూడా అని అర్థం. ఈ మూడూ కలిసేసరికి ఖర్చు స్థాయే మారిపోతుంది.

విజయనగరం జిల్లా భోగాపురం కోసం మొదట దాదాపు 15,000 ఎకరాలు సేకరించాలన్న ప్రతిపాదన వచ్చింది. రైతులు గట్టిగా వ్యతిరేకించాక అది తగ్గుతూ వచ్చి, చివరికి విమానాశ్రయానికి సుమారు 2,200 ఎకరాల దగ్గర ఆగింది. 15,000 ఎకరాలు అవసరమన్న పథకం అందులో దాదాపు ఏడో వంతులో ఇమిడిందంటే, ఆనాటి రైతుల పట్టుదల వల్ల ఎన్ని ఊళ్లు మిగిలాయో ఊహించవచ్చు. అయినా కొన్ని పల్లెలు ఖాళీ కాక తప్పలేదు. ప్రాజెక్టు వ్యయం అని మనం చదివే అంకెలో ఆ కుటుంబాలు వదులుకున్నదంతా లెక్కకు రాదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

[తెరపై: 2018 – మొదటి టెండర్ రద్దు, 2020 – ఒప్పందం, 2023 – శంకుస్థాపన]

ఇక డబ్బు సంగతి. ఆదాయంలో వాటా ప్రాతిపదికన పిలిచిన మొదటి టెండర్‌ను 2018లో రద్దు చేశారు. రెండోసారి పద్ధతి మార్చి, ఒక్కో దేశీయ ప్రయాణికుడికి ఎన్ని రూపాయలు ప్రభుత్వానికి చెల్లిస్తారని అడిగారు. 303 రూపాయలు ఇస్తామన్న జీఎంఆర్ సంస్థకు ప్రాజెక్టు దక్కింది. 2020 జూన్‌లో 40 ఏళ్ల కన్సెషన్ ఒప్పందం, అంటే కట్టి నడుపుకునే హక్కు ఇచ్చే ఒప్పందం, కుదిరింది. 2023 మే 3న పనులకు శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది డిసెంబరులో జాతీయ పెట్టుబడి, మౌలిక సదుపాయాల నిధి ఇందులో 675 కోట్ల రూపాయలు పెట్టేందుకు ముందుకొచ్చింది. ఇలాంటి ప్రాజెక్టుల్లో ఖర్చు మొత్తాన్ని ఒకే సంస్థ తన జేబులోంచి పెట్టదు. కొంత వాటాధనం, అంతకు రెట్టింపు పైన దీర్ఘకాలిక అప్పు ఉండడం మామూలు.

ఆ అప్పు తీరాలి, వాటాధనానికి రాబడి రావాలి. దీనికి హద్దు గీసేది ఏఈఆర్ఏ, అంటే ఎయిర్‌పోర్ట్స్ ఎకనామిక్ రెగ్యులేటరీ అథారిటీ. 2008 నాటి చట్టం కింద ఏర్పడిన ఈ సంస్థ పెద్ద విమానాశ్రయాల రుసుములను ఐదేళ్లకొకసారి నిర్ణయిస్తుంది. ఊహించిన అంకెలతో ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి భోగాపురం అంకెలు కావు; పద్ధతి అర్థం కావడానికి తీసుకున్నవి.

[తెరపై: లెక్క ఒక్కో వరుసగా కనిపించాలి]

ఒక విమానాశ్రయానికి 1,000 కోట్లు ఖర్చయిందనుకుందాం. పెట్టుబడిపై 12 శాతం రాబడి అంటే ఏటా 120 కోట్లు. భవనం 25 ఏళ్లు పనిచేస్తుందనుకుంటే తరుగుదల కింద ఏటా 40 కోట్లు. జీతాలు, కరెంటు, నిర్వహణ కలిపి 110 కోట్లు. మొత్తం 270 కోట్లు. దుకాణాలు, ప్రకటనలు, కార్ పార్కింగ్ వంటి వాటి మీద 100 కోట్లు వస్తే, 2016 జాతీయ పౌర విమానయాన విధానం ప్రకారం అందులో 30 శాతం, అంటే 30 కోట్లు, ప్రయాణికుల భారంలోంచి తీసేస్తారు. మిగిలిన 240 కోట్లను ఏటా వచ్చే 60 లక్షల మందికి పంచితే తలకు 400 రూపాయలు. విమానయాన సంస్థలు కట్టే ల్యాండింగ్ చార్జీలను, పన్నులను తేలికగా అర్థం కావడం కోసం పక్కన పెట్టాం.

ఇప్పుడు వచ్చినవాళ్లు 30 లక్షల మందే అనుకోండి. భవనం అదే, వడ్డీ అదే, ఏసీ బిల్లు కూడా దాదాపు అదే. దుకాణాల ఆదాయం మాత్రం సగానికి పడి, తీసేసే మొత్తం 15 కోట్లకు తగ్గుతుంది. అప్పుడు తలకు 850 రూపాయలు పడుతుంది. జనం సగమైతే భారం రెట్టింపుతో ఆగదు, ఇంకా పైకి పోతుంది.

ఈ లెక్క మనకెందుకంటే, కోవిడ్‌కు ముందు 2018–19లో విశాఖ విమానాశ్రయం నుంచి రాకపోకలు సాగించినవారు సుమారు 28 లక్షల మంది. భోగాపురం మొదటి దశను ఏటా 60 లక్షల మంది కోసం రూపొందించారు. పెరిగే నగరానికి ముందుచూపుతో కట్టడం తప్పు కాదు. రన్‌వేను సగం వేసి తర్వాత పొడిగించడం కష్టం కూడా. కానీ టెర్మినల్‌ను విభాగాలుగా పెంచుకుంటూ పోవచ్చు. అందుకే తర్వాతి దశ ఎప్పుడన్నది కేలండర్ చూసి కాక ప్రయాణికుల సంఖ్య చూసి నిర్ణయించాలని నా గట్టి అభిప్రాయం. అంచనా తప్పి ఐదేళ్లలో వసూళ్లు తగ్గితే, ట్రూ-అప్ పేరుతో ఆ లోటును తర్వాతి ఐదేళ్ల రుసుములో కలుపుతారు. ఎక్కువ వసూలైతే అదే విధంగా తగ్గిస్తారు. అంటే ఈనాటి అంచనా తప్పుకు మూల్యం రేపు ప్రయాణించే విద్యార్థి, రేపు వైద్యానికి వెళ్లే రోగి చెల్లిస్తారు.

ఖర్చును మొదట్లోనే అదుపు చేసే సాధనమూ ఉంది. 2016లో ఏఈఆర్ఏ టెర్మినల్ భవనానికి చదరపు మీటరుకు 65,000 రూపాయలన్న ప్రామాణిక ధరను పెట్టింది. తర్వాత ధరల పెరుగుదలను బట్టి దాన్ని సవరిస్తూ వస్తున్నారు. ఆ హద్దు దాటి ఆడంబరానికి పెట్టిన ప్రతి రూపాయినీ నిర్మించిన సంస్థ సమర్థించుకోవలసి వస్తుంది.

అయితే తీరప్రాంతంలో దేన్ని ఆడంబరం అనాలో, దేన్ని అవసరం అనాలో జాగ్రత్తగా చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ టెర్మినల్ పైకప్పును, అద్దాలను ఎలా ధ్వంసం చేసిందో ఈ ఊరు మరిచిపోలేదు. సహాయ సామగ్రి అత్యవసరమైన సమయంలోనే సాధారణ విమానాలు రోజుల తరబడి ఆగిపోయాయి. గాలి ఒత్తిడికి నిలిచే పైకప్పుకూ, ఉప్పుగాలికి తుప్పు పట్టని లోహానికీ పెట్టే అదనపు డబ్బు గురించి బేరమాడకూడదు. అలంకరణ గోడల గురించి తప్పకుండా బేరమాడవచ్చు.

టికెట్‌లో కనపడని ఖర్చు ఇంకొకటుంది. నగరం నుంచి భోగాపురం దాదాపు 45 కిలోమీటర్లు. విజయనగరం, శ్రీకాకుళం వారికి ఇది దగ్గరవుతుంది. గాజువాక, అనకాపల్లి వారికి దూరమవుతుంది. యూడీఎఫ్ కన్నా టాక్సీ బిల్లు పెద్దదయ్యే కుటుంబాలు అక్కడ చాలా ఉంటాయి. గాజువాక నుంచి నేరుగా, తెల్లవారుజామున కూడా నడిచే బస్సులు లేకపోతే, రుసుము ఎంత తగ్గించినా వారికి ఒరిగేది తక్కువ.

[తెరపై: సంప్రదింపుల పత్రం నమూనా పేజీ]

రుసుము ఖరారు చేసేముందు ఏఈఆర్ఏ సంప్రదింపుల పత్రాన్ని తన వెబ్‌సైట్‌లో పెట్టి, గడువు ఇచ్చి, రాతపూర్వకంగా అభిప్రాయాలు కోరుతుంది. విమానయాన సంస్థలు, నిర్వాహకులు తమ లెక్కలతో సిద్ధంగా ఉంటారు. వాణిజ్య మండళ్లు, వినియోగదారుల సంఘాలు, మామూలు ప్రయాణికులు కూడా రాయవచ్చు. ఆ పత్రంలో ప్రయాణికుల అంచనా పట్టికను, చదరపు మీటరు ఖర్చును, తర్వాతి దశ మొదలయ్యే షరతును ముందు చూడండి. ఉత్తర్వు వెలువడిన తర్వాత మిగిలేది ఇలాంటి అప్పీళ్లను వినే ఢిల్లీలోని టీడీశాట్ (టెలికాం వివాదాల పరిష్కార, అప్పీళ్ల ట్రిబ్యునల్)కు అప్పీలు చేసుకోవడమే. ఆ దారి మామూలు ప్రయాణికుడికి చాలా దూరం, చాలా ఖరీదు.