విదేశాల చదువు: మార్చుకోవలసిన రెండు అలవాట్లు

సభకు నమస్కారం. ఈ ఏడాది పై చదువులకు అమెరికా, బ్రిటన్, జర్మనీలకు బయలుదేరుతున్న విద్యార్థినీ విద్యార్థులతోనూ, వారితో పాటు చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి నుంచి ఇక్కడికి, తిరుపతికి వచ్చిన తల్లిదండ్రులతోనూ మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. వీసా, బ్యాంకు రుణం, చలికోట్ల గురించి చెప్పేవారు మీకు చాలామందే ఉన్నారు కనుక నేను వాటి జోలికి వెళ్లను. ఇక్కడ మంచి విద్యార్థులు అనిపించుకున్నవారే అక్కడ మొదటి సెమిస్టర్‌లో ఎందుకు తడబడతారన్నదే నా విషయం. నా అభిప్రాయంలో దానికి కారణం ఇంగ్లీషు కాదు, తెలివితేటల కొరత అంతకంటే కాదు. స్నేహధర్మం అనుకొని ఒకటి, మర్యాద అనుకొని ఒకటి మనం చిన్ననాటి నుంచి పెంచుకున్న రెండు అలవాట్లు.

మొదటిది ల్యాబు రికార్డును, అంటే చేసిన ప్రయోగాలు రాసి ఇచ్చే పుస్తకాన్ని, చూసి రాసే అలవాటు. ఇంజనీరింగ్ చదివిన వారికి దీన్ని వివరించనక్కరలేదు. ల్యాబులో అబ్జర్వేషన్ నోట్సులో నాలుగు రీడింగులు ఎక్కించుకుంటాం. రికార్డు ఇవ్వవలసిన ముందురోజు రాత్రి హాస్టల్ గదిలో సీనియర్ రికార్డు ఒకటి మంచం మధ్యలో తెరిచి, నలుగురం చుట్టూ కూర్చొని, మొదటి పేజీ నుంచి ఫలితం దాకా అక్షరం పొల్లుపోకుండా దించుతాం. గ్రాఫు కూడా ఆ సీనియర్ గీసిందే. దీన్ని ఎవరూ తప్పనుకోరు, సంతకం పెట్టేవారితో సహా.

అదే పని అక్కడ చేస్తే విద్యాపరమైన నేరం కింద లెక్క. మీరు సమర్పించిన వ్యాసాన్ని టర్నిటిన్ వంటి సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఏ వాక్యం ఎక్కడి దానితో కలుస్తోందో రంగులు వేసి మరీ చూపిస్తుంది. కంప్యూటర్ ప్రోగ్రాములను పోల్చడానికి 1994 నుంచి మాస్ అనే వ్యవస్థ ఉంది. వేరియబుల్ పేర్లు మార్చినంత మాత్రాన, ఖాళీలు పెంచినంత మాత్రాన దాని కన్ను కప్పలేరు. పట్టుబడితే తీసుకున్నవారితో పాటు ఇచ్చినవారూ విచారణకు వెళ్లాలి, ‘స్నేహితుడు అడిగితే కాదనలేకపోయాను’ అన్న జవాబు అక్కడ చెల్లదు. ఆ అసైన్‌మెంట్‌కు సున్నా మార్కులతో సరిపెట్టవచ్చు, కోర్సులోనే తప్పించవచ్చు, సస్పెండ్ కూడా చేయవచ్చు. అమెరికాలో విద్యార్థి వీసా మీద ఉన్నవారికి సస్పెన్షన్ అంటే దేశంలో ఉండే అర్హతకే ముప్పు.

అలాగని స్నేహితులతో చర్చించవద్దని కాదు. ఎంతవరకు కలిసి చేయవచ్చో ప్రతి కోర్సుకూ మొదటి వారంలోనే రాతపూర్వకంగా ఇస్తారు, ఆ కాగితాన్ని మనవాళ్లు చదవరు. లెక్కను కలిసి ఆలోచించి, విడిగా కూర్చొని రాయమంటారు. ఇతరుల ఆలోచన తీసుకుంటే, దాన్ని మీ మాటల్లోకి మార్చినా సరే, ఎవరిదో పేర్కొనమంటారు. మన విశ్వవిద్యాలయాల నియంత్రణ సంస్థ యూజీసీ కూడా 2018లో ఇటువంటి నిబంధనలే తెచ్చింది, పదిశాతం దాకా పోలికను మన్నించి ఆపైన శిక్షలు పెట్టింది. నేను చూసినంతలో వాటి వేడి పరిశోధన గ్రంథాలకు తగిలిందే గానీ బీటెక్ రికార్డు దాకా రాలేదు.

రెండవ అలవాటు మౌనం. పెద్దల ఎదుట నోరెత్తకపోవడం మనకు గౌరవం. అక్కడి ఆచార్యుడు మాత్రం పాఠం చదవకుండా వచ్చారేమోనని అనుకుంటాడు. చాలా కోర్సుల్లో తరగతిలో మాట్లాడినందుకే కొన్ని మార్కులు ఉంటాయి. ఆయన గది తలుపు మీద వారానికి ఇన్ని గంటలు విద్యార్థుల కోసమని కాగితం అంటించి ఉంటుంది, దాన్నే ఆఫీస్ అవర్స్ అంటారు. వెళితే మొద్దు అనుకుంటారేమోనని మనవాళ్లు వెళ్లరు, ఆయన లోపల ఖాళీగానే కూర్చొని ఉంటారు. ఈమెయిల్ రాస్తే ‘రెస్పెక్టెడ్ సర్’ తో మొదలుపెట్టి పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పి, అసలు సందేహాన్ని చివరి వరుసలో దాస్తారు. ఏ కోర్సు, ఎన్నో లెక్క, మీరు ఎంతదాకా చేశారు, ఎక్కడ ఆగారు — ఈ నాలుగు ముక్కలు చాలు.

ఎదురు ప్రశ్న వేయడం పరాయి సంస్కారమని మాత్రం అనకండి. మన ఊళ్లోనే ఉన్న జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో శాస్త్రం చదివే పిల్లలను అడగండి: పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివారి వాదనను, ప్రతివాది కూడా ఒప్పుకునేంత చక్కగా చెప్పగలిగిన తరువాతే సిద్ధాంతానికి రావాలి. విదేశాల సెమినార్లలో మీనుంచి కోరేది దాదాపు ఇదే. ఇంటర్‌లో బిట్లు బట్టీ పట్టించే రెండేళ్లలో మనమే దీన్ని పోగొట్టుకున్నాం.

ఇక మార్కులు. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 దాకా పాస్, 5.0 అంటే తప్పినట్టు. అక్కడ మన సప్లీల ధీమా పనికిరాదు. చాలా విశ్వవిద్యాలయాల్లో ఒక పరీక్షను కొన్నిసార్లకు మించి రాయనివ్వరు. బ్రిటన్‌లో 70 వస్తే అత్యున్నత శ్రేణి, మాస్టర్స్‌లో 50 వస్తే పాస్. తల్లిదండ్రులకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను: ఇక్కడ తొంభైలు తెచ్చిన అమ్మాయి అక్కడినుంచి ఫోన్ చేసి అరవై నాలుగు వచ్చాయని చెబితే కంగారుపడి మందలించకండి. అది మంచి మార్కే. దాని కింద ఆచార్యుడు రాసిన వ్యాఖ్యల్లో ఏముందో చదివి వినిపించమనండి.