పిక్కలు పట్టేస్తే గట్టిగా పిసికించుకోవాలా? స్పోర్ట్స్ మసాజ్ గురించి సూటిగా

[తెల్లవారుజాము, అనంతపురం పోలీస్ ట్రైనింగ్ కాలేజీ (పీటీసీ) గ్రౌండ్. పరిగెడుతున్న కుర్రాళ్లు, అమ్మాయిలు. కెమెరా కాళ్ల మీదే ఉండాలి.]

అందరికీ నమస్తే. కానిస్టేబుల్ ఈవెంట్స్, అంటే ఫిజికల్ టెస్టుల కోసం 1600 మీటర్ల ప్రాక్టీస్ మొదలుపెట్టిన రెండో రోజో మూడో రోజో పిక్కలు గట్టిపడిపోయి, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తుంది కదా, అప్పుడు పక్కనున్న ఫ్రెండ్ ఒక మాట అంటాడు: "లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది రా, నూనె పెట్టి గట్టిగా పిసికించుకో, దిగిపోతుంది." ఈ మాటలో కొంచెం నిజం ఉంది, ఒక తప్పు ఉంది, ఒక ప్రమాదం కూడా ఉంది.

ముందు తప్పు సంగతి. గట్టిగా పరిగెత్తితే లాక్టేట్, అంటే జనం లాక్టిక్ యాసిడ్ అనేదే, పెరుగుతుంది, అది నిజమే. కానీ పరుగు ఆపాక గంట, గంటన్నరలోపే మామూలు స్థాయికి వచ్చేస్తుంది, శరీరమే దాన్ని మళ్లీ ఇంధనంగా వాడేసుకుంటుంది. ఎల్లుండి వచ్చే నొప్పికి దాన్ని నిందించి లాభం లేదు. కండరం సాగుతూ బరువు ఆపాల్సి వచ్చినప్పుడు లోపలి సన్నని పోగులు దెబ్బతింటాయి, వాటిని బాగుచేసుకునే పనిలో వాపు, నొప్పి వస్తాయి, అది 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. గుత్తి కోట ఎక్కి దిగినవాళ్లకు ఇది బాగా తెలుసు: ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, మర్నాడు తొడలు పట్టేసేది మాత్రం దిగినందుకే.

[స్క్రీన్ మీద: తొడ కండరం బొమ్మ, పోగులు దగ్గరగా.]

మరి మసాజ్ ఏం చేస్తుంది? 2012లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు 11 మంది యువకుల చేత అలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక కాలికి మాత్రమే 10 నిమిషాలు మసాజ్ చేసి, రెండు తొడల నుంచీ చిన్న కండర ముక్కలు తీసి పోల్చి చూశారు. లాక్టేట్‌లో తేడా ఏమీ కనపడలేదు. మసాజ్ చేసిన కాలిలో వాపుకి సంబంధించిన సంకేతాలు మాత్రం తగ్గాయి. చిన్న అధ్యయనమే, అయినా నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఒకే మనిషి రెండు కాళ్లనూ పక్కపక్కన పెట్టి చూశారు. తర్వాత 2020లో 29 అధ్యయనాలను, అంటే వెయ్యి మందికి పైగా ఫలితాలను కలిపి చూస్తే తేలింది ఇదీ: నొప్పి కొంత తగ్గుతుంది, కీళ్లు కాస్త బాగా వంగుతాయి, కానీ స్పీడ్, బలం, దమ్ము పెరిగినట్టు ఆధారం దొరకలేదు. కాబట్టి మసాజ్ చేయించుకుంటే టైమింగ్ తగ్గుతుందని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే డబ్బులు జేబులోనే ఉంచుకోండి. మర్నాడు కాళ్లు తేలికగా ఉండి ప్రాక్టీస్‌కి రాగలిగితే, హాయిగా నిద్ర పడితే, అదే పెద్ద లాభం.

[ఇంట్లో చాప మీద కూర్చున్న ఒక రన్నర్. చేతులు దగ్గరగా.]

ఇప్పుడు చేసే విధానం. పిక్కలకైతే ఎవరికి వాళ్లే చేసుకోవచ్చు. పరుగు అయ్యాక ఒళ్లు చల్లబడి, నీళ్లు తాగి, స్నానం చేసి కూర్చోండి. మోకాలు కొంచెం వంచండి, కాలు చాచేస్తే కండరం బిగుసుకుని లోపలికి చెయ్యి దిగదు. నువ్వుల నూనె, కొబ్బరి నూనె, ఇంట్లో ఉన్న వేరుశనగ నూనె, ఏదైనా సరే, చెయ్యి జారడానికే అది. మొదట అరచేత్తో మడమ దగ్గర నుంచి మోకాలి వైపు నెమ్మదిగా, పొడవుగా, రెండు నిమిషాలు రుద్దండి. తర్వాత పిక్కను అరచేతికీ వేళ్లకీ మధ్య పట్టుకుని ఎముక నుంచి కాస్త పైకి లేపుతూ పిసకండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడ బొటనవేలు ఆనించి, ఊపిరి వదులుతూ, నొప్పి పదికి ఐదో ఆరో అనిపించేంతవరకే నొక్కి, అర నిమిషం ఉంచి వదలండి. పళ్లు బిగపట్టాల్సి వస్తోందంటే ఎక్కువ నొక్కుతున్నారు. "ఎంత నొప్పి పెడితే అంత మంచిది" అనే మాట మన దగ్గర బాగా నడుస్తోంది, దయచేసి దాన్ని వదిలేయండి, నీలం మచ్చలు పడేలా పిసికితే అప్పటికే దెబ్బతిన్న కండరానికి ఇంకో దెబ్బ. మోకాలి వెనక గుంటలో నరాలు, రక్తనాళాలు పైపైనే ఉంటాయి, అక్కడ నొక్కొద్దు. ఒక్కో కాలికి పది నిమిషాలు చాలు.

ఈవెంట్స్ రేపు అనగా లోతైన మసాజ్ వద్దు, కాళ్లు బద్ధకంగా అయిపోతాయి. ఈవెంట్స్ రోజు కావాలంటే పైపైన చకచకా నాలుగైదు నిమిషాలు, ఆపైన మామూలు వార్మప్.

[స్క్రీన్ ఎర్రగా మారాలి. మ్యూజిక్ ఆపేయాలి.]

ప్రమాదం అన్నాను కదా, వీడియో మొత్తంలో నాకు ముఖ్యమైనది ఇదే. గ్రౌండ్‌లో ఎవరికైనా కాలు బెణికితే చుట్టూ పదిమంది చేరి, ఒకరు లాగుతారు, ఒకరు రుద్దుతారు. ఆపండి. కండరం చిరిగినా, కీలు బెణికినా మొదటి రెండు మూడు రోజులు లోపల రక్తం కారుతూ ఉండొచ్చు, రుద్దితే అది ఎక్కువవుతుంది. తొడకి గట్టి దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టిన చోట పిసికితే కొన్నిసార్లు కండరం లోపల ఎముక పెరగడం మొదలవుతుంది, నిజంగానే ఎముక, ఎక్స్‌రేలో కనపడుతుంది. అప్పటికి చేయాల్సిందల్లా గుడ్డలో చుట్టిన ఐస్, క్రేప్ బ్యాండేజ్, కాలు ఎత్తులో పెట్టడం, అడుగు వేయలేకపోతే ఆస్పత్రి.

పరిగెడుతుండగా ఫట్‌మని, మడమ పైన ఎవరో వెనక నుంచి తన్నినట్టు అనిపించిందా? అది మడమ దగ్గరి పెద్ద స్నాయువు తెగడం కావచ్చు, అదే రోజు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఒక్క పిక్కే వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే రక్తనాళంలో గడ్డ ఉండొచ్చు, దాన్ని రుద్దితే కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఎండలో విపరీతంగా కష్టపడ్డాక మూత్రం కోలా రంగులో వస్తే మసాజ్ ఆలోచనే వద్దు, కిడ్నీలకు ముప్పు, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఇక గాయాలు రాకుండా మసాజ్ కాపాడుతుందా? నేరుగా కాపాడుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. 2024లో మన అనంతపురం ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ ఆడినవాళ్ల లాంటి క్రికెటర్లకు వెంట ఫిజియో ఉంటారు. రోజూ అదే కాలిని పట్టుకునే చెయ్యి కాబట్టి, నిన్నటికంటే ఇవాళ ఎడమ పిక్క బిగువుగా ఉందని వాళ్లకు ముందే తెలుస్తుంది, ఆ రోజు పని తగ్గిస్తారు. మీకు ఫిజియో లేకపోయినా ఆ పని మీ చేతులే చేయగలవు, వారానికి రెండుసార్లు రెండు కాళ్లనూ తడిమి పోల్చుకోండి. కాలి ముందు ఎముక మీద ఒకే చోట, వేలితో నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే అది కండరం సంగతి కాదు, ఎముకకి సన్నని పగులు వచ్చి ఉండొచ్చు, పరుగు ఆపి చూపించుకోండి.

గాయాలు తగ్గిస్తాయని బాగా తేలినవి వేరే ఉన్నాయి. ఫుట్‌బాల్ వాళ్లు చేసే ఫిఫా 11 ప్లస్ వార్మప్ ఒకటి. ఇంకొకటి నార్డిక్ వ్యాయామం: మోకాళ్ల మీద నిలబడి, ఫ్రెండ్ మడమలు పట్టుకుంటే, నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలడం. తొడ వెనక కండరం గాయాలు దీనితో సగం దాకా తగ్గినట్టు అధ్యయనాల్లో కనపడింది, పైసా ఖర్చు లేదు. మొదటి వారం ఐదారుసార్లు వాలితే చాలు, తర్వాత మెల్లగా పెంచండి, ఎందుకంటే మొదట్లో ఇది కూడా బాగానే నొప్పి పెడుతుంది, ఆ నొప్పికి ఇందాక చెప్పిన మసాజ్ ఉంది.

[చివరి దృశ్యం: ఇద్దరు ఫ్రెండ్స్ గ్రౌండ్‌లో నార్డిక్ వ్యాయామం చేస్తూ, ఒకరి మడమలు ఒకరు పట్టుకుని.]