ఒక కిలోమీటరు రాయి నుంచి మరో రాయికి
(గుంటూరులో ఇంటర్మీడియట్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

విద్యార్థులారా, పెద్దలారా, నమస్కారం.

గుంటూరు బస్టాండులో ఎవరినైనా ‘మంగళగిరి ఎంత దూరం?’ అని అడగండి. ‘అరగంట’ అంటారు. మనం అడిగింది దూరం, వారు చెప్పింది కాలం. అయినా అది సరైన సమాధానమే. దూరాన్ని బస్సు వేగంతో భాగించే లెక్క వారి మనసులో అప్పటికే జరిగిపోయింది. దూరం, కాలం, వేగం అనే ఈ మూడింటిలో ఏ రెండు తెలిసినా మూడోది దొరుకుతుంది. ఇంతవరకు మీకు ఏడో తరగతి నుంచీ తెలిసిన సంగతే.

తికమక సగటు దగ్గర మొదలవుతుంది. లెక్క సులువుగా ఉండాలని, గుంటూరు నుంచి విజయవాడకు 36 కిలోమీటర్లు అనుకుందాం. పొద్దున గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లారు. సాయంత్రం బెంజి సర్కిల్ రద్దీలో చిక్కుకుని, 30 కిలోమీటర్ల సగటుతో తిరిగొచ్చారు. మొత్తం ప్రయాణంలో సగటు వేగమెంత? ‘45’ అని చాలామంది చటుక్కున అంటారు. కాదు, 40. వెళ్లడానికి 36 నిమిషాలు, రావడానికి 72 నిమిషాలు పట్టింది. 72 కిలోమీటర్లకు 108 నిమిషాలు. నెమ్మదిగా సాగిన దారి ఎక్కువసేపు పట్టింది కాబట్టి సగటును తనవైపు లాక్కుంది.

ఇప్పుడు నాకెంతో ఇష్టమైన ప్రశ్న. వెళ్లేటప్పుడే 30తో వెళ్లారనుకోండి. రానుపోను సగటు 60 కావాలంటే ఎంత వేగంతో తిరిగి రావాలి? 90 అంటారు కొందరు, 120 అంటారు ఇంకొందరు. కాగితం తీసుకుని చూడండి. 72 కిలోమీటర్లకు సగటు 60 రావాలంటే మొత్తం 72 నిమిషాల్లో ప్రయాణం ముగియాలి. ఆ 72 నిమిషాలూ వెళ్లడానికే అయిపోయాయి! సెకనుకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్లు పరుగెత్తే కాంతి కూడా ఆ సగటును అందుకోలేదు. పోయిన కాలాన్ని వేగం తిరిగి తేలేదు. ఈ లెక్క మొదటిసారి చేసిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

అదే దారిలో 40తో వెళితే 54 నిమిషాలు, 60తో 36, 80తో 27. 100తో వెళ్లినా ఇరవై ఒకటిన్నర పైమాటే. ప్రతిసారీ 20 చొప్పున పెంచాం. మొదట 18 నిమిషాలు మిగిలాయి, తర్వాత 9, ఆపైన ఐదున్నర కూడా లేదు.

బ్రేకు వేసినప్పుడు లెక్క ఎదురు తిరుగుతుంది. గెలీలియో వాలుపలక మీద గుండును దొర్లించి, పాత్రలోంచి కారిన నీటిని తూచి కాలాన్ని కొలిచాడు. కాలం రెట్టింపయితే గుండు నాలుగు రెట్లు దూరం పోతుందని 1638లో అచ్చు వేయించాడు. ఆగే బండిది అదే కథ, వెనక నుంచి ముందుకు. వేగం రెట్టింపయితే ఆగడానికి కాలం రెట్టింపు, దూరం నాలుగు రెట్లు. ప్రమాదం కంటపడి కాలు బ్రేకు మీద పడడానికి ఒక సెకను, ఆపైన ప్రతి సెకనుకూ వేగం ‘సెకనుకు 5 మీటర్ల’ చొప్పున తగ్గుతుందనుకుంటే, 80తో వస్తున్న కారు సుమారు 72 మీటర్లలో ఆగుతుంది. 100తో వస్తే 105 మీటర్లు కావాలి. ఐదు నిమిషాల కోసం 33 మీటర్లు! మంగళగిరి దగ్గర రోడ్డు దాటే ఒక పాప ఆ 33 మీటర్లలో ఎక్కడైనా ఉండవచ్చు. అందుకే ఈ పాఠాన్ని నేను మార్కుల కోసం చెప్పలేను.

ఈరోజు ఇంటికి వెళ్లేటప్పుడు కిటికీ పక్కన కూర్చోండి. ఒక కిలోమీటరు రాయి నుంచి మరో రాయికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 3600ను ఆ సంఖ్యతో భాగించండి. 72 సెకన్లు పడితే మీ బస్సు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళుతున్నట్టు. నాలుగైదు రాళ్లకు చేసి, రాసుకుని, రేపు నాకు చూపించండి.